గెస్ట్ నోరు విప్పాలంటే: కమెడియన్ హోస్ట్‌గా పాడ్‌కాస్ట్ ఎలా చేయాలి

ఓపెన్ మైకులు (ఎవరైనా స్టేజి ఎక్కి జోకులు ప్రయత్నించే షోలు) చేసేవాళ్లు, కొత్తగా స్టాండప్‌లోకి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "స్టేజి మీద బాగానే నవ్విస్తున్నాను. అదే పాడ్‌కాస్ట్‌కి గెస్ట్‌ని పిలిచి కూర్చోబెడితే ఎపిసోడ్ చప్పగా వస్తోంది. ఎక్కడ తేడా కొడుతోంది?" కొందరు మంచి మైక్ చెప్పమంటారు, కొందరు పెద్ద గెస్ట్‌ని ఎలా ఒప్పించాలో చెప్పమంటారు. ఆ రెండూ కింద రాశాను. కానీ చప్పగా వచ్చిన ఎపిసోడ్‌లు వింటే చాలావాటిలో ఒకటే కనిపిస్తుంది: హోస్ట్ మరీ ఎక్కువ జోకులు వేశాడు. స్టేజి మీద నవ్వు ఆగితే కంగారు పడటం మనకి అలవాటైపోయింది. గెస్ట్ ఎదురుగా ఉన్నప్పుడు ఆ కంగారే అడ్డం పడుతుంది. కాబట్టి కింది మెట్లలో ఏడోదాన్ని రెండుసార్లు చదవండి. మిగతావన్నీ దాని కోసమే.

కావాల్సినవి

- మనిషికో మైక్. ఓపెన్ మైక్‌లో మీరు చేతిలో పట్టుకునే షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ (దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టేది) చాలు. మామూలు గదిలో కండెన్సర్ మైక్ పెడితే పక్కింటి కుక్కర్ విజిల్ కూడా ఎపిసోడ్‌లోకి వచ్చేస్తుంది.
- ప్రతి మైక్‌నీ విడి ట్రాక్‌లో రికార్డు చేసే రికార్డర్, లేదా మైక్ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే చిన్న పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్. బడ్జెట్ లేకపోతే రెండు ఫోన్లు, రెండు కాలర్ మైకులు. ఎవరి ఫోన్లో వాళ్ల గొంతు.
- వైరు ఉన్న హెడ్‌ఫోన్స్, కనీసం ఒకటి.
- తలుపు, కిటికీలు మూసుకునే చిన్న గది.
- ఒక కాగితం, పెన్ను. గెస్ట్‌కీ మీకూ మధ్య ల్యాప్‌టాప్ తెరిచి పెట్టకండి. మీ కళ్లు స్క్రీన్ మీదకి పోయిన ప్రతిసారీ గెస్ట్ మాట తగ్గిస్తారు.
- గెస్ట్ సంతకం చేసే అనుమతి పత్రం, ఒక పేజీ.
- మంచినీళ్లు, టీ.

1. మీ షో ఏంటో ఒక్క వాక్యంలో రాసుకోండి

"సరదాగా కబుర్లు చెప్పుకుంటాం" అంటే సరిపోదు. బాగా నడిచిన షోలకి ఒక చిన్న నియమం ఉంటుంది. అమెరికాలో నటులు జేసన్ బేట్‌మన్, షాన్ హేస్, విల్ ఆర్నెట్ 2020లో మొదలుపెట్టిన 'స్మార్ట్‌లెస్'లో ముగ్గురిలో ఒకరు గెస్ట్‌ని తీసుకొస్తారు. వచ్చేది ఎవరో మిగతా ఇద్దరికీ తెలియదు. కమెడియన్ మైక్ బర్బిగ్లియా తన పాడ్‌కాస్ట్ 'వర్కింగ్ ఇట్ అవుట్'లో ఇంకా తయారవని జోకులు గెస్ట్ ముందు పెడతారు, ఇద్దరూ కలిసి వాటిని దిద్దుకుంటారు. కమెడియన్, టీవీ హోస్ట్ కోనన్ ఓబ్రయన్ 2018లో మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్‌లో గెస్ట్ ముందుగా తన పేరు చెప్పి, కోనన్‌కి ఫ్రెండ్‌గా ఉండటం గురించి తనకేమనిపిస్తోందో చెప్పాలి. దాంతో తొలి నవ్వు గెస్ట్ నోటి నుంచే వస్తుంది. ఇదెంత తెలివైన ఏర్పాటో గమనించండి. ఆ నవ్వు తర్వాత గెస్ట్‌కి సగం టెన్షన్ పోతుంది.

మీరు అవే నియమాలు కాపీ కొట్టక్కర్లేదు. "ప్రతి గెస్ట్ తన మొదటి జీతం కథతో మొదలుపెట్టాలి" అనుకున్నా చాలు. నియమం గెస్ట్‌కి సులువుగా ఉండాలి, జవాబు మనిషి మనిషికీ మారాలి. ఈ రెండూ ఉన్నాయో లేదో ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించి చూడండి.

2. హోస్టులు ఎంతమందో, ఎవరి పని ఏంటో తేల్చుకోండి

ఒక్కరే చేయొచ్చు. అమెరికన్ కమెడియన్ మార్క్ మారన్ 2009 నుంచి 2025 దాకా 'డబ్ల్యూటీఎఫ్' అనే పాడ్‌కాస్ట్ అలాగే నడిపారు. ఇద్దరు చేస్తే పనులు పంచుకోవాలి. కోనన్ పక్కన ఆయన అసిస్టెంట్ సోనా మొవ్‌సేసియన్, ప్రొడ్యూసర్ మాట్ గౌర్లీ కూర్చుని కోనన్‌నే ఏడిపించేవారు. హోస్ట్‌ని ఆటపట్టించే మనిషి ఒకరు గదిలో ఉంటే, తనని ఆటపట్టిస్తారేమో అన్న భయం గెస్ట్‌కి తగ్గుతుంది.

హెచ్చరిక: ముగ్గురు కమెడియన్లు, ఒక గెస్ట్ ఉన్న ఎపిసోడ్ మొదట్లో ప్రయత్నించకండి. ముగ్గురూ ఒకరి పంచ్ మీద ఒకరు పంచ్ వేసుకుంటారు, గెస్ట్ నవ్వుతూ కూర్చుంటారు. ఎపిసోడ్ అయిపోతుంది.

3. గెస్ట్‌ని ఎంచుకుని పిలవండి

సినిమావాళ్లు దొరకడం లేదని ఆగిపోయేవాళ్లు చాలామంది. సినిమావాళ్లే ఎందుకు? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల వారసులు ఇప్పటికీ ఆడుతున్నారు. స్టేజి మీద మాయలు, తెరవెనుక తిప్పలు వాళ్లు చెప్తే గంట ఎలా గడిచిందో తెలియదు. పెళ్లిళ్లలో మైక్ పట్టుకునే యాంకర్, ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన ఆర్టీసీ డ్రైవర్, టీవీ కామెడీ షోలకి స్కిట్లు రాసేవాళ్లు, వీళ్లందరి దగ్గరా కథలున్నాయి. అడిగేవాళ్లే తక్కువ.

తోటి కమెడియన్‌ని పిలవడం తేలిక, కానీ ఒక ప్రమాదం ఉంది. మీ ఇద్దరికే తెలిసిన జోకులతో గంట గడిచిపోతుంది. అలీ ఈటీవీలో 'అలీతో సరదాగా' నడిపినప్పుడు వచ్చినవాళ్లలో చాలామందితో ఆయనకి సెట్ల మీద పరిచయం ఉంది, బాల నటుడిగా మొదలైన మనిషి కదా. ఆ చనువుతోనే ఇంకొకరు అడగలేనివి అడగగలిగారు. మీకూ అలాంటి చనువు ఉంటే వాడుకోండి. కానీ కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ ఆగి, "ఆయనెవరో వినేవాళ్లకి చెప్పన్నా" అనండి.

పిలిచే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే సార్. నేను హైదరాబాద్‌లో స్టాండప్ చేస్తాను, ఒక పాడ్‌కాస్ట్ నడుపుతున్నాను. నాటకాల రోజుల్లో లారీ మీద సెట్టు సామానుతో పాటు మీరూ పడుకుని వెళ్లేవారని ఒకచోట చెప్పారు. ఆ రోజుల గురించి మీతో మాట్లాడాలని ఉంది. మొత్తం గంటన్నర పడుతుంది. రానూ పోనూ కారు పంపిస్తాం. వద్దనుకున్న విషయాలు ముందే చెప్తే వాటి జోలికి పోము. విడుదలకి ముందు మీకు వినిపిస్తాం."

ఇందులో పని చేసేది లారీ వాక్యం. మీరు ఆయన గురించి తెలుసుకునే అడుగుతున్నారని దానితో అర్థమవుతుంది. "మీకు పెద్ద ఫ్యాన్‌ని సార్" అన్న మెసేజ్‌లు వాళ్లకి రోజూ వస్తుంటాయి.

రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే వదిలేయండి. మేనేజర్ వెంటా, ఇంట్లోవాళ్ల వెంటా పడకండి.

4. ప్రిపేర్ అవ్వండి, స్క్రిప్టు మాత్రం రాయకండి

గెస్ట్ పాత ఇంటర్వ్యూలు రెండు మూడు పూర్తిగా వినండి. వాళ్లు ఎక్కడ తొందరగా దాటేశారో రాసుకోండి. "అదొక పెద్ద కథ లెండి" అని వదిలేసిన చోటే మీ ప్రశ్న ఉంది. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకే వరసలో చెప్పే కథ ఏదో కూడా గుర్తుపెట్టుకోండి. అది అడగొద్దు.

తర్వాత గెస్ట్‌ని ఎరిగినవాళ్లు ఒకరికి ఫోన్ చేయండి. అమెరికన్ కమెడియన్ ఎమీ పోలర్ 2025లో మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్ 'గుడ్ హ్యాంగ్'లో గెస్ట్ రాకముందే వాళ్ల స్నేహితులతో మాట్లాడి, అడగాల్సిన ప్రశ్న ఒకటి తీసుకుంటారు. మనమూ చేయొచ్చు. పాత రూమ్మేటో, తమ్ముడో ఇచ్చిన ప్రశ్నతో గెస్ట్ మొహమే మారిపోతుంది. అయితే ఆ ప్రశ్న గెస్ట్‌ని ఇబ్బంది పెట్టేది కాకూడదు. ఇచ్చినవాళ్ల పేరు చెప్పవచ్చో లేదో వాళ్లనే అడగండి.

కాగితం మీద అయిదారు పదాలు చాలు: "లారీ", "మొదటి వేషం", "నాన్నగారు". పూర్తి ప్రశ్న రాసుకుంటే అది చదవాలన్న తొందరలో జవాబు వినరు.

5. గది సిద్ధం చేయండి

ఫ్యాన్ ఆపండి. ఏసీ ముందే వేసి గది చల్లబరిచి, రికార్డింగ్‌కి ఆపేయండి. గోడలకి దుప్పట్లు వేలాడదీయండి, కింద బొంతో కార్పెట్టో పరవండి. చేతులు చప్పట్లు కొట్టి వినండి. గణగణమని తిరిగి వినిపిస్తే ఇంకో దుప్పటి కావాలి.

మైక్ నోటికి పిడికిలి దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త వాలుగా వేయండి. నేరుగా కళ్లలోకి చూడాల్సి వస్తే కొత్తవాళ్లు బిగుసుకుపోతారు.

సౌండ్ లెవెల్ పెట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనడం. మీది కామెడీ షో. అసలు సమస్య నవ్వుతో వస్తుంది. గెస్ట్‌ని పొద్దున ఏం తిన్నారో అడిగి, ఏదో ఒకటి చెప్పి గట్టిగా నవ్వించండి. రికార్డర్ మీటర్ మీద మామూలు మాట మైనస్ 12 డెసిబెల్స్ చుట్టూ, పెద్ద నవ్వు మైనస్ 3 దాటకుండా పెట్టుకోండి. లెవెల్ దాటి పగిలిన నవ్వుని ఎడిట్‌లో బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ఇల్లు సరిపోదేమో అనుకోకండి. మారన్ తన షో లాస్ ఏంజెలెస్‌లోని ఇంటి గ్యారేజీలో రికార్డు చేసేవారు. 2015 జూన్‌లో అధ్యక్షుడిగా ఉన్న ఒబామా ఆ గ్యారేజీకే వచ్చి కూర్చున్నారు.

గెస్ట్ వేరే దేశంలో ఉంటే: వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూ, ఎవరి గొంతు వాళ్ల ఫోన్లో రికార్డు చేసుకుని ఫైళ్లు పంపించుకోండి. మొదట్లో ఇద్దరూ ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత ట్రాకులు కలపడం తేలిక. టైము కూడా చూసుకోండి. వేసవిలో డాలస్‌లో రాత్రి 9 అయితే ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. నవంబర్ మొదట్లో అక్కడ గడియారాలు మారాక ఎనిమిదిన్నర.

6. మొదటి పది నిమిషాలు

రికార్డింగ్ మొదలైందని గెస్ట్‌కి చెప్పండి. తెలియకుండా రికార్డు చేసి "సహజంగా వచ్చింది" అనుకోవడం తప్పు. ముందు 30 సెకన్లు అందరూ మౌనంగా ఉండి ఖాళీ గది శబ్దం తీసుకోండి, ఎడిట్‌లో పనికొస్తుంది.

గెస్ట్ పరిచయం వాళ్ల ఎదుటే అయిదు నిమిషాలు చదవకండి. పొగడ్త వింటూ ఎక్కడ చూడాలో తెలియక అవస్థ పడతారు. పరిచయం తర్వాత విడిగా రికార్డు చేసి ముందు అతికించండి. మొదటి ప్రశ్న చిన్నదై ఉండాలి, గెస్ట్‌కి జవాబు వెంటనే తెలిసేదై ఉండాలి.

7. అసలు సంభాషణ

ఇక్కడ ఒక ఉదాహరణ చూద్దాం, నేను కల్పించిందే. గెస్ట్ ఒక క్యారెక్టర్ నటుడు.

గెస్ట్: "కృష్ణానగర్‌లో ఒక రూములో నలుగురం ఉండేవాళ్లం. నలుగురికీ కలిపి మంచి చొక్కా ఒక్కటే. ఆడిషన్ ఎవరికుంటే వాళ్లు వేసుకెళ్లేవాళ్లం."

హోస్ట్: "అంటే నలుగురికీ ఒకేరోజు ఆడిషన్ ఉంటే చొక్కా చింపుకునేవాళ్లా సార్?"

ఇద్దరూ నవ్వుతారు. గెస్ట్ "హహ, అంతేనయ్యా" అంటారు. హోస్ట్ తర్వాతి ప్రశ్నకి వెళ్తాడు. జోకు బాగానే ఉంది, కథ మాత్రం అక్కడితో పోయింది. అదే చోట ఇంకోలా:

హోస్ట్: "ఆ చొక్కా ఏ రంగు సార్?"

గెస్ట్: "లేత నీలం. కుడి మోచెయ్యి దగ్గర చిరిగితే రఫు చేయించాం. అందుకని ఆడిషన్‌లో ఎడమ పక్కే కెమెరాకి కనబడేట్టు నిలబడేవాణ్ణి."

హోస్ట్: (ఏమీ అనడు)

గెస్ట్: "ఇప్పటికీ అలాగే నిలబడతాను చూడు. అలవాటైపోయింది."

హోస్ట్: "అంటే మీ కుడి పక్క ఇంతవరకు ఇండస్ట్రీ చూడనేలేదన్నమాట."

రెండోసారి వచ్చిన నవ్వు పెద్దది. దాన్ని తెచ్చింది గెస్ట్ చెప్పిన వివరం. మీరు చేసింది రంగు అడగడం, ఒక్కసారి నోరు మూసుకోవడం, చివర్లో ఒక వాక్యం. ఇంతే పద్ధతి. పాటించడానికి కొన్ని గుర్తులు:

జోకు తట్టగానే అనేయకండి. ముందు ఒక చిన్న ప్రశ్న వేయండి: ఏ రంగు, ఎంత ఇచ్చారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, అమ్మ ఏమంది. వివరం వచ్చాక మీ జోకు ఇంకా బాగుంటే అప్పుడు వేయండి.

గెస్ట్ ఆగినప్పుడు మనసులో మూడు లెక్కపెట్టండి. మనుషులు అసలు మాట ఆ ఖాళీలోనే చెప్తారు. కమెడియన్‌కి మూడు సెకన్ల మౌనం నరకంలా ఉంటుంది, స్టేజి మీద దాని అర్థం జోకు పోయిందని. ఇక్కడ దాని అర్థం గెస్ట్ ఆలోచిస్తున్నారని.

గెస్ట్ కళ్లలో నీళ్లు తిరిగితే వెంటనే నవ్వించకండి. నవ్వించాలనుకోవడం మంచి ఉద్దేశంతోనే, బాధపడుతుంటే చూడలేం. కానీ ఆ క్షణంలో జోకు పడితే, తను చెప్పకూడనిది చెప్పానేమో అనుకుంటారు. నీళ్ల గ్లాసు ముందుకి జరపండి, ఆగండి. "ఇది ఉంచమంటారా, తీసేయమంటారా?" అని తర్వాత విడిగా అడగండి. మారన్ 2010లో హాలీవుడ్ కామెడీ నటుడు రాబిన్ విలియమ్స్ ఇంటికి వెళ్లి చేసిన ఎపిసోడ్ ఇలాంటి ఓపికకి మంచి పాఠం. అంతటి నవ్వించే మనిషి అందులో మద్యం గురించి, తన గుండె ఆపరేషన్ గురించి నిదానంగా మాట్లాడారు. 2022లో ఆ ఎపిసోడ్‌ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది.

మీ సొంత అనుభవం చెప్పొచ్చు, చెప్పాలి కూడా. గెస్ట్ సిగ్గుపడుతున్న విషయం మీ జీవితంలోనూ ఉంటే ముందు మీరు చెప్పండి. రెండు వాక్యాలు చాలు, మళ్లీ మాట వాళ్లకి ఇచ్చేయండి.

8. గెస్ట్ ఇలా ఉంటే ఏం చేయాలి

ఒక్క మాటలో జవాబిచ్చేవాళ్లు: "ఎందుకు" అని అడగకండి, నిలదీసినట్టు ఉంటుంది. "ఆ రోజు పొద్దున్నుంచి చెప్పండి" అనండి.

ఆగకుండా చెప్పేవాళ్లు: మధ్యలో అడ్డుపడకుండా, వాళ్లు ఊపిరి తీసుకునే చోట వాళ్ల మాటే పట్టుకోండి. "ఇందాక లారీ అన్నారు కదా" అంటే నొచ్చుకోరు.

సినిమా ప్రమోషన్ మాటలే చెప్పేవాళ్లు: మొదట్లోనే అయిదు నిమిషాలు ఆ సినిమాకే ఇచ్చేయండి. పని అయిపోయిందన్న నిశ్చింతతో తర్వాత మామూలుగా మాట్లాడతారు.

అక్కడ లేని మనుషుల మీద ఆరోపణలు చేసేవాళ్లు: ఇక్కడ జాగ్రత్త. పేరు పెట్టి చేసిన ఆరోపణని ప్రచురిస్తే పరువునష్టం కేసు గెస్ట్ మీదే కాదు, మీ మీదా పడొచ్చు. 2025 ఫిబ్రవరిలో ఒక హిందీ కామెడీ షోలో గెస్ట్ అన్న మాటకి, ఆ షో నడిపే కమెడియన్ మీద కూడా పోలీసు కేసులు నమోదయ్యాయి. కులం, మతం, ఎవరి శరీరం గురించైనా వచ్చిన మాట మీకు నవ్వు తెప్పించినా, ఇంకొకరిని గాయపరిచేదైతే తీసేయండి. కేసు భయం లేకపోయినా తీసేయండి.

9. ఎడిట్

ముందు మీ మాటలు కత్తిరించండి. గెస్ట్ మాట మధ్యలో మీరన్న "ఆఁ ఆఁ", "సూపర్", "నిజమే సార్" అన్నీ తీసేయండి. విడి ట్రాకులు అడిగింది ఇందుకే. మౌనాలన్నీ కత్తిరించకండి, జవాబుకి ముందు వచ్చే ఊపిరి ఉంచండి. ముందే రికార్డు చేసి ఉన్న డబ్బా నవ్వులు కలపకండి. సినిమా పాటలు వాడకండి, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది.

ఆఖర్లో మొత్తం ధ్వనిని మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (వినేవాళ్లకి శబ్దం ఎంత గట్టిగా అనిపిస్తుందో చెప్పే కొలత), గరిష్ఠం మైనస్ 1 డెసిబెల్‌కి పెట్టండి. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ సూచించేది ఇదే.

థంబ్‌నెయిల్ గురించి గట్టిగా చెప్తున్నాను. గెస్ట్ ఏడుస్తున్న ఫొటో మీద "బయటపెట్టిన సంచలన నిజం" అని రాయకండి. ఆ వారం వ్యూస్ వస్తాయేమో. మిమ్మల్ని నమ్మి మాట్లాడిన మనిషికి మాత్రం అది ద్రోహం. ఇండస్ట్రీలో అందరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు, తర్వాతి గెస్ట్ రారు.

10. సరిగా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి

రెండు ట్రాకులూ ఒకదాని కింద ఒకటి పెట్టి దూరం నుంచి చూడండి. గెస్ట్ ట్రాక్ నిండుగా, మీది అక్కడక్కడా ఉండాలి. నేను చూసుకునే కొలత: మాటల్లో గెస్ట్‌వి 70 శాతం, హోస్ట్‌వి 30 శాతం. సగం సగం వస్తే గెస్ట్‌ని మీరు మాట్లాడనివ్వలేదు.

పెద్ద నవ్వులు వచ్చిన చోట్లు గుర్తుపెట్టి, ఒక్కోదానికి పక్కన రాయండి: నవ్వు తెచ్చింది ఎవరి వాక్యం? అన్నీ మీవే అయితే ఏడో మెట్టు మళ్లీ చదవండి.

గెస్ట్ గురించి ఏమీ తెలియని ఒకరికి, మీ అమ్మకో పక్కింటి అంకుల్‌కో, మధ్యలోంచి పది నిమిషాలు వినిపించండి. "వీళ్లెవరు? ఎవరి గురించి మాట్లాడుతున్నారు?" అని అడిగితే అక్కడ వివరణ లేదని అర్థం. చిన్న వాక్యం రికార్డు చేసి అతికించండి. ఇదే ముక్కని ఫోన్ స్పీకర్లోనూ, బస్సులో ఇయర్‌ఫోన్స్‌తోనూ వినండి. మాట అర్థం కాని చోట గొంతు పెంచండి.

విడుదలయ్యాక యూట్యూబ్ స్టూడియోలో జనం ఎక్కడ వెళ్లిపోతున్నారో చూపించే గ్రాఫ్ ఉంటుంది. మొదటి నిమిషంలోనే పడిపోతే మీ పరిచయం ఎక్కువైంది. మధ్యలో ఒక్కసారిగా పడితే ఆ చోటికి వెళ్లి వినండి. చాలాసార్లు అక్కడ హోస్ట్ ఏదో పెద్ద కథ మొదలుపెట్టి ఉంటాడు.

విడుదలకి కనీసం రెండు రోజుల ముందు గెస్ట్‌కి ఎపిసోడ్, టైటిల్, థంబ్‌నెయిల్ మూడూ పంపించండి. తీసేయమన్నది తీసేయండి, వాదించకండి. విడుదలయ్యాక వాళ్లకి ఫోన్ చేసి ఇంట్లోవాళ్లు విన్నారా, ఏమన్నారు అని అడగండి. మాటల్లోనే ఇంకెవరిని పిలిస్తే బాగుంటుందో కూడా అడగండి. మనస్ఫూర్తిగా మాట్లాడిన గెస్ట్ తనంతట తనే ఒకరిద్దరి నంబర్లు ఇస్తారు.